గంప దించిన చోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే కావచ్చు. కానీ పొద్దున ఎనిమిదిన్నరకి గుంటూరులో కారు ఆపుకోవడానికి చోటు వెతికిన మనిషి శాంతంగా ఉన్నారంటే మాత్రం నేను నమ్మను.

మా ఊరు గుంటూరుకి దగ్గరే. చిలకలూరిపేట వెళ్లే దారిలో, రోడ్డుకి ఆనుకునే ఉంటుంది. నేను గుంటూరులో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఊరికి బస్సు లేదు, రోడ్డున పోయేవి ఆగవు. పదేళ్ల పాటు షేర్ ఆటోలో, సగం సీటు మీద సగం గాలిలో కూర్చుని వెళ్లొచ్చాను. ఆఖరికి ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాం. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, పసుపు బొట్లు పెట్టి, ఊరంతా మైసూరుపాకులు పంచాం. వారం తిరక్కుండానే నాకు తెలిసొచ్చింది, కారు నడపడం తేలికేనని, దాన్ని నిలబెట్టడమే కష్టమని.

స్కూలు ముందు ఆపితే పక్కనున్న గాజుల కొట్టాయన బయటికొచ్చి, "మేడమ్, మీ కారు నా కొట్టు మొత్తాన్ని దాచేస్తందండీ" అనేవాడు. సందులో పెడితే సందులోవాళ్లు గొడవ. ఒకరోజు సాయంత్రం వచ్చి చూద్దును కదా, నా కారు బానెట్ నిండా తెల్ల గుడ్డ పరిచి ఎవరో గుమ్మడి వడియాలు ఎండబెట్టారు. ఎదురింటి ఇల్లాలు గుమ్మంలోంచి, "ఇంకో గంటాగితే పూర్తిగా ఎండిపోతాయండీ" అంది. చీల్చి చెండాడదామని నోరు తెరిచాను. వడియాలు చూశాక ఎందుకో నోరు రాలేదు. గంటసేపు ఆవిడ ఇంట్లో కూర్చుని కాఫీ తాగి, ఒక పొట్లం వడియాలు పట్టుకుని ఇంటికొచ్చాను.

మా అత్తయ్య ఆ వడియాలు వేయించి వడ్డిస్తూ, "అమ్మాయ్, నీ కారు ఒక్కరోజైనా ఇంటికి పనికొచ్చింది" అంది.

అందుకే, గుంటూరు మున్సిపల్ ఆఫీసు వాళ్లు పట్నం బయట ఒక పార్కింగ్ మైదానం పెడతారన్న కబురు రాగానే ఎగిరి గంతేసినంత పని చేశాను. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కార్లూ మోటారు సైకిళ్లూ అక్కడ వదిలేసి చిన్న బస్సెక్కి పట్నంలోకి వెళ్లాలట. పది నిమిషాలకో బస్సు. దాన్ని పార్క్ అండ్ రైడ్ అంటారని నేను ఇంట్లో వివరించాను. మా ఊరి వాళ్లు ఒక్క పూటలోనే దానికి తమ పేరు తాము పెట్టుకున్నారు. కార్ల బందెలదొడ్డి.

చోటు కోసం ముందు జిన్నింగు మిల్లు వెనక చూశారు, ఇరుకన్నారు. కోల్డ్ స్టోరేజీ పక్కన చూశారు, పల్లమన్నారు. మూడోసారి వచ్చి మా ఊరి కల్లం చూశారు. రోడ్డు పక్కన, చదునుగా, ఎవరి పట్టాలోనూ లేని పోరంబోకు. వాళ్లతో వచ్చిన ఇంజనీరు కళ్లు మెరిశాయట. ఆ సాయంత్రం నేను సంతోషంగా ఈ సంగతి చెబుతుంటే అత్తయ్య చేతిలో ఉన్న చేట కింద పెట్టి, లేచి వాకిట్లోకి వెళ్లిపోయింది.

కల్లం అంటే మిరపకాయ ఎండబోసే నేల. సొంత కల్లాలున్న ఆసాములు ఊళ్లో కొద్దిమందే. మిగతా అందరికీ ఆ పోరంబోకే దిక్కు. కోత మొదలయ్యే ముందు, కల్లానికి కాపలా ఉండే తాత ఆ నేలని చదును చేయించి, నీళ్లు చల్లించి, సున్నంతో గడులు గీయిస్తాడు. గీతలు పడ్డ మర్నాటి పొద్దున ఎవరు ముందొచ్చి ఏ గడిలో కాయ గంప దించితే ఆ గడి వాళ్లది. సీజను అయ్యేదాకా ప్రెసిడెంటు వచ్చినా కదిలించలేడు. ఉత్త గంప చెల్లదు, అందులో కాయ ఉండాలి. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పరు.

మా మామయ్య పోయాక అత్తయ్య ఎకరన్నర చేను తనే చేసుకుంటోంది. పొలం కౌలుకిచ్చేసి ఇంట్లో కూర్చోమని మా ఆయన ఏటా చెప్పడం, ఆవిడ ఏటా "సరేలేరా, వచ్చే ఏడు చూద్దాం" అని మిరప నారు పోయడం మా ఇంట్లో ఆనవాయితీ. కల్లం పోతే మాత్రం ఆ వచ్చే ఏడు నిజంగానే వచ్చేస్తుంది. ఎండబెట్టే చోటు లేని మనిషి మిరప వేసి ఏం చేసుకుంటుంది? ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసి కూడా, పది నిమిషాలకో బస్సు అనుకోగానే నా మనసు ఆవిడ చేను దాటి బస్సెక్కి కూర్చుంది.

గ్రామసభ ఊరి బడి ఆవరణలో పెట్టారు. అత్తయ్యా నేనూ ఒకే స్కూటీ మీద వెళ్లి, దిగి, షామియానాలో చెరో వైపు కూర్చున్నాం. మా ఆయన ఎటూ కూర్చోలేక మైకు వైర్లు సరిచేస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు ఆయన. పది మంది మీద పెత్తనం చేసే మనిషి ఆ రోజు అడకత్తెరలో పోకచెక్క.

సభలో నోళ్లు బాగానే లేచాయి. బస్సొస్తే హోటలు పెడతానని ఒకాయన, కార్లొస్తే కాయంతా పెట్రోలు వాసనేనని ఇంకొకాయన. ఒక పెద్దాయన కర్ర ఊతంగా లేచి, "ఊళ్లోకి బస్సెయ్యమని ఇరవయ్యేళ్లు అర్జీలు పెట్టాం. ఒక్కడు రాలా. ఇయ్యాల కార్లోళ్ల కోసం బస్సొచ్చిద్దంట. మమ్మల్నెక్కనిస్తారా, టాటా చెప్పమంటారా?" అన్నాడు. ఎక్కనిస్తామని ఇంజనీరు మైకులో మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నేను లేచి పాఠం చెప్పినట్టే చెప్పాను. పట్నంలో రద్దీ, ఆడపిల్లల కాలేజీ ప్రయాణాలు, ఆసుపత్రి అవసరాలు, అన్నీ. చప్పట్లు కొట్టారు. అప్పుడు అత్తయ్య లేచింది.

"మా కోడలు చెప్పిందంతా నిజమే" అంది. "బస్సు మంచిదే, ఎవరొద్దన్నారు. నాకు సొంత కల్లం లేదు. ఇది పోతే నా ఎకరన్నర ఎవరికో ఇచ్చి అరుగు మీద కూర్చోవాల. నాకు కూర్చోటం చేతకాదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నారు, మీరు బస్సెక్కి పోతారు, మేం ఏమైపోవాల?"

ఆ కాకి ఎవరో నాకు అర్థమైంది. వెనక నుంచి ఎవరో, "ఒకే ఇంట్లో రెండు పార్టీలేందమ్మా" అన్నారు.

"పొయ్యి ఒకటే నాయనా, నోళ్లే రెండు" అంది అత్తయ్య. సభంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

ఇంజనీరు నెమ్మదస్తుడు. ఏ నిర్ణయమూ చెప్పకుండా, "వచ్చే గురువారం ఒక బస్సు తెస్తామండీ. కార్లున్నవాళ్లు తొమ్మిదింటికి రండి. ఎట్లా ఉంటుందో మీరే చూడండి, తర్వాత మాట్లాడుకుందాం" అని సభ ముగించాడు. ఆయన చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. బుధవారం సాయంత్రమే మనుషులొచ్చి, ఏ కారు ఎక్కడ నిలబడాలో మైదానమంతా సున్నంతో గీసి, గడికో నంబరు వేసి వెళ్తారని.

అదే వారం మా ఊళ్లో మొదటి కోత. కోసిన కాయని రంగు సమంగా తిరగడానికి ఒకటి రెండు రోజులు కుప్ప పోసి ఉంచుతారు. ఆ తర్వాత పరవకపోతే బూజు పడుతుంది. అత్తయ్య కుప్ప మా వాకిట్లో రెండో రోజున ఉంది. గీతలు గీయించాల్సిన కాపలా తాతేమో మనవరాలి పెళ్లికని సింగరాయకొండ వెళ్లాడు. పైగా, నిరుడు గడుల హద్దుల దగ్గర తగాదా వచ్చి, ఈ ఏడు నంబర్లు వేయిస్తానని ప్రెసిడెంటు మాటిచ్చి ఉన్నాడు.

గురువారం చీకటితో చేలకి బయల్దేరిన ఆడవాళ్లు కల్లం పక్కగా వెళ్తూ తెల్లటి గీతలు చూశారు. నంబర్లు కూడా చూశారు. ఇంకేం కావాలి? కార్లోళ్లు వచ్చేలోపే కల్లం మనదై పోవాలని తాత పెళ్లికెళ్లే ముందే ఈ పని పురమాయించి ఉంటాడని నిశ్చయించుకుని, వచ్చిన దారినే ఊళ్లోకి పరుగు తీశారు. చేలకి పోవాల్సిన గంపలన్నీ కల్లం దారి పట్టాయి.

ఇవేవీ నాకు తెలియవు. నేను లేచేసరికి వాకిట్లో కుప్ప లేదు. అత్తయ్య లేదు. మా ఆయన ఒళ్లంతా మిరప దుమ్ముతో, మొహం మాత్రం ఏమీ ఎరగనట్టు పెట్టుకుని బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. కుప్పేదని అడిగితే, "ఎండకి పోయింది" అని, టిఫిను కూడా తినకుండా మిల్లుకి వెళ్లిపోయాడు. కుప్పని ట్రాక్టరు ట్రాలీలో తోలింది ఆయనేనని అప్పుడే అర్థం కావాల్సింది. నేను మంగళగిరి చీర ఇస్త్రీ చేసుకునే తొందరలో ఉన్నాను.

తొమ్మిది కావస్తుండగా, చుట్టుపక్కల ఊళ్ల కార్లు పదీ పన్నెండు వెనక రాగా, అందరికంటే ముందు నా కారు కల్లం మలుపు తిరిగింది. తిరిగిన చోటే ఆగిపోయింది.

మైదానం మొత్తం ఎర్రగా ఉంది. ప్రతి గడిలోనూ, గీత దాటకుండా, మూలలు కూడా సరిగ్గా కుదిరేట్టు మిరపకాయ పరిచి ఉంది. నా క్లాసులో పిల్లలెవరూ ఏనాడూ అంత చక్కటి దీర్ఘచతురస్రాలు గీయలేదు. ఒకటో నంబరు గడిలో మా అత్తయ్య తలకి తువ్వాలు చుట్టుకుని, పాదాలతో కాయని తిరగేస్తూ ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"అమ్మాయ్, కారు అక్కడాపకు, దుమ్ము పడిద్ది" అంది. ఆ గొంతులో ఎంత సంబరమో. "ఈసారి గడులు చిన్నగా గీశారు గానీ, ఎంత తిన్నగా గీశారో చూడు. ఒకటి నించి ఎనిమిది దాకా మనయ్యే."

బెలూన్లు కట్టిన చిన్న బస్సు వచ్చింది. ఇంజనీరు దిగాడు. ఎర్రటి గడులన్నీ ఒకసారి కలయజూశాడు. తర్వాత అత్తయ్య దగ్గరికెళ్లి, "అమ్మా, ఈ గీతలు కార్లకండీ" అన్నాడు.

"కార్లకని రాశారా నాయనా? నంబర్లే గదా ఏశారు."

"నంబర్లు కార్లకేనమ్మా."

"కాయకి నంబర్లుండగూడదా?" అంది అత్తయ్య. ఆవిడ దెబ్బలాడటం లేదు, నిజంగానే అడుగుతోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లకి సంగతి అప్పటికి బోధపడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. గడిలో తను దించిన గంప వైపు చూసింది, నా వైపు చూసింది.

ఇంజనీరు నా దగ్గరికొచ్చాడు. "మేడమ్, మీరు మొదటి నుంచీ మా వైపే కదా. ఒక్క గంట ఎత్తించండి చాలు, మళ్లీ పరుచుకోవచ్చు. మీరు చెబితే వింటారు."

చెబితే వినేవాళ్లేమో. కానీ నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మాది చీరాల, నేత ఇల్లు. తెల్లవారకముందే వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు సాగదీసి గంజి పట్టించేవాళ్లు. అది ఆరేదాకా సైకిలువాళ్లు కూడా దిగి నడిపించుకుంటూ పోయేవాళ్లు. తర్వాత వీధికి సిమెంటు రోడ్డొచ్చింది, ఆటోలొచ్చాయి. ఒకరోజు ఎవరో "ఒక్క అయిదు నిమిషాలు తీయండి" అన్నారు. నాన్న తీశాడు. ఆ అయిదు నిమిషాలు రోజూ వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఇంట్లో మగ్గం లేదు. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఆ వీధికి పడుగు ఎంత అవసరమో చెప్పగలిగిన మనిషి మా తరఫున ఒక్కరూ లేరని ఎంత ఏడ్చానో నాకిప్పటికీ తెలుసు.

"ఎత్తించనండీ" అన్నాను. "మా ఊళ్లో గంప దించాక ఎత్తరు."

పెళ్లయి పధ్నాలుగేళ్లయినా నేను ఎప్పుడూ మీ ఊరు, మీ ఊరు అనే అనేదాన్ని. ఆ తేడా అత్తయ్య పట్టేసిందని ఆవిడ మొహం చూడగానే తెలిసింది.

"మరి కార్లెక్కడ పెడతారు?" అన్నాడు ఇంజనీరు దిగులుగా. అందరం కార్ల వైపు తిరిగాం. నా కారు తప్ప రోడ్డు మీద ఒక్క కారూ లేదు. మేమిక్కడ తగవులో ఉండగా, ఎండ చుర్రుమంటుంటే, ఎవరూ చెప్పకుండానే కార్లవాళ్లంతా కల్లం అంచున కాలవ గట్టు వెంట ఉన్న వేపచెట్ల కిందకి చేరారు. పన్నెండు కార్లూ నీడలో వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ గట్టు వెంట కల్లం ఈ చివర నుంచి ఆ చివర దాకా వేపచెట్లే. వాటి కింద ఇంత వరకు ఎవరూ కాయ పోయలేదు. నీడలో కాయ ఎండదు కదా.

ముందుగా నోరు విప్పింది అత్తయ్యే. "మా కాయకి ఎండ గావాల, మీ కారుకి నీడ గావాల. ఇందులో కొట్టుకోటానికేముంది నాయనా?"

లెక్కల టీచర్ని నేను. పదిహేను రోజులుగా ఆ మైదానం గురించి వాదిస్తున్నాను. ఆ చెట్లు ఒక్కసారీ నా లెక్కలోకి రాలేదు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఇంజనీరు ఆ గట్టు పొడవునా అడుగులు వేసుకుంటూ వెళ్లి, రెండోసారి కూడా కొలుచుకుని, నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటూ తిరిగొచ్చాడు. కాయ అంతా ఇళ్లకి చేరాక ఎండ గడులు కూడా కార్లకి ఇవ్వొచ్చని ప్రెసిడెంటు అన్నాడు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

బస్సుకి కొబ్బరికాయ కొట్టారు. డ్రైవరు తాళం తిప్పబోతుండగా ఇంజనీరు తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

డ్రైవరు తాళం వదిలేశాడు. "ఒంటి తుమ్మండీ. ఎట్టా బయల్దేరమంటారు?"

"ఆగండి, ఇంకోటి వస్తుంది" అన్నాడు ఇంజనీరు, ముక్కు పట్టుకుని. మిరప కల్లంలో నిలబడి రెండో తుమ్ము కోసం ఎదురుచూడాల్సిన పనేముంది? రెండోది వచ్చింది, మూడోది వచ్చింది, ఆ తర్వాత బస్సులో ఉన్నవాళ్లందరికీ వరస కట్టింది. తుమ్ముతూ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ గుంటూరు వెళ్లాం. ఆ పొద్దున సెలవు పెట్టి ఉన్నాను గనక, మధ్యాహ్నం క్లాసుకి పావుగంట ముందే చేరాను. కర్ర ఊతం పెద్దాయన అందరికంటే ముందు కిటికీ సీటులో కూర్చుని, మాకందరికీ గుంటూరు తానే చూపిస్తున్నట్టు చెయ్యి చాపి చెప్పుకొచ్చాడు.

ఆఫీసులో కాగితాలు తిరగడానికి కొన్ని వారాలు పట్టింది. చివరికి ఒప్పుకున్నారు. కార్ల గడులు చెట్ల కింద గీసింది ఈసారి మా కాపలా తాతే. సింగరాయకొండ నుంచి వచ్చి, తను లేనప్పుడు ఎవడో కల్లంలో సున్నం గీశాడని వారం రోజులు అలిగిన మనిషిని ఇంజనీరే వచ్చి బతిమాలి, ఆ పని ఆయనకే అప్పజెప్పాడు.

బస్సు నిజంగా మొదలైన రోజున నాకు ఆలస్యమైంది. అత్తయ్య ఎప్పుడో కల్లానికి వెళ్లిపోయింది. పాలు పొంగిపోయాయి, తాళాలు కనపడలేదు, కోపం మామూలుగానే ముక్కు మీదికొచ్చింది. మంచి నీడంతా ఎవరెవరో పట్టేసి ఉంటారని తిట్టుకుంటూ వెళ్లాను. అనుకున్నట్టే చెట్ల కింద ఒక్క ఖాళీ లేదు, ఒకటి తప్ప. బస్సు ఆగే చోటుకి పక్కనే, అన్నిటికంటే పెద్ద వేపచెట్టు కింద, సాయంత్రం దాకా నీడ వదలని గడి. దాని ముందు పెద్ద కారులో వచ్చిన ఒకాయన తాతతో వాదిస్తున్నాడు.

గడి మధ్యలో ఒక గంప ఉంది. అంచుకి మా ఇంటి నీలం గుడ్డ చుట్టి ఉంది. అడుగున గుప్పెడు మిరపకాయలు. ఉత్త గంప చెల్లదు కదా.

"సున్నం పడ్డాక గంప దించినోళ్లదేనండీ ఆ గడి" అంటున్నాడు తాత ఆయనతో. నన్ను చూసి, "మీ అత్త తెల్లారకముందే దించిపోయిందమ్మా. సీజను అయ్యేదాకా ఇది నీదే. పెట్టుకో కారు" అన్నాడు.

ఎండలో అవతల ఒకటో నంబరు గడిలో అత్తయ్య వంగి కాయ తిరగేస్తోంది. ఇటు చూడటం లేదు. నేను గంప తీసి పక్క సీటులో పెట్టుకుని కారు నీడలోకి పోనిచ్చాను. బస్సెక్కి కూర్చున్నాక కూడా కళ్ల నీళ్లు ఆగలేదు. "కాయ ఘాటా మేడమ్?" అని అడిగాడు కండక్టరు.

అవునన్నాను.